సినిమా చూడటం కూడా చదువే: ఫిల్మ్ స్టడీస్ పరీక్షకి తయారవడం ఎలా?

మా చిన్నప్పుడు పరీక్షలకీ సినిమాకీ ఉన్న సంబంధం ఒక్కటే. ఆఖరి పరీక్ష రాసి, అట్టా పెన్నూ చేతిలో ఉండగానే, ఇంటికి కూడా వెళ్ళకుండా మ్యాట్నీకి పరిగెత్తడం. పరీక్షల ముందు సినిమా పేరెత్తితే వీపు విమానం మోతే! అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నాకు, మా అమ్మాయి జీసీఎస్‌ఈ అయ్యాక ఏ లెవెల్స్‌లో కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాటు మూడో సబ్జెక్టుగా ఫిల్మ్ స్టడీస్ తీసుకుంటానంటే కాసేపు నోట మాట రాలేదు. తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ఫోన్‌లో చెప్తే, “ఏరా, సినిమాకి వెళ్ళావని నేను నీ మీద బెల్టు తీశాను. ఇప్పుడు నా మనవరాలు సినిమా చూడకపోతే ఫెయిలవుతుందా?” అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. సులువుగా మార్కులు వస్తాయని పిల్ల ఈ దారి పట్టిందేమో అనుకున్నాను.

ఆ అనుమానం మొదటి మాక్ పరీక్షతో తీరిపోయింది. అమ్మాయికి ‘డి’ వచ్చింది. ‘కాసాబ్లాంకా’ సినిమాని అయిదుసార్లు చూసింది, సంభాషణలు కూడా అప్పజెప్పగలదు. ఆరు పేజీలు రాసింది. పేపరు చివర టీచరుగారు రాసిన మాట మాత్రం చిన్నది: కథ బాగా చెప్పావు, మరి సినిమా ఏదీ?

ఆ ప్రశ్న అర్థం కావడానికి మా ఇద్దరికీ కొన్ని నెలలు పట్టింది. అర్థమయ్యాక తెలిసిందేమిటంటే, ఈ పరీక్ష సినిమా మీద ప్రేమని కొలవదు, కథ ఎంత గుర్తుందో కూడా కొలవదు. “ఈ సంగతి నీకు ఎలా తెలిసింది? ఏ షాట్ చెప్పింది?” అని మాత్రమే అడుగుతుంది. ఇదే దారిలో ఉన్న పిల్లలకీ, వాళ్ళకి ఎలా సాయపడాలో తెలియక తికమక పడుతున్న తల్లిదండ్రులకీ ఉపయోగపడుతుందని మేము నేర్చుకున్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పరీక్ష స్వరూపం

ఇంగ్లండ్‌లో ఎడ్యుకాస్ బోర్డు నిర్వహించే ఏ లెవెల్ ఫిల్మ్ స్టడీస్‌ని ఉదాహరణగా తీసుకుందాం. 2017 సెప్టెంబరులో బోధన మొదలై, 2019 వేసవిలో తొలిసారి పరీక్షలు జరిగిన సిలబస్ ఇది. దీని ప్రకారం విద్యార్థి మొత్తం పదకొండు సినిమాలు చదవాలి. “చూడాలి” అనకుండా “చదవాలి” అంటున్నానని గమనించగలరు.

మొదటి పేపరు: రెండున్నర గంటలు, 120 మార్కులు, మొత్తంలో 35 శాతం. ఇందులో మూడు విభాగాలు. 1930 నుంచి 1990 దాకా వచ్చిన హాలీవుడ్ చిత్రాల్లో రెండింటిని పోల్చి రాయడం ఒకటి. 2005 తర్వాతి అమెరికన్ చిత్రాలు రెండు. 1995 తర్వాతి బ్రిటిష్ చిత్రాలు రెండు. విభాగానికి 40 మార్కులు.

రెండో పేపరు: ఇదీ రెండున్నర గంటలే, 120 మార్కులే, 35 శాతమే. ప్రపంచ సినిమా విభాగంలో రెండు చిత్రాలు, ఒకటి ఐరోపా నుంచి, ఒకటి ఐరోపా బయటి నుంచి, 40 మార్కులు. డాక్యుమెంటరీ ఒకటి, 40 మార్కులు. మూకీ సినిమా 20 మార్కులు. 1960 నుంచి 2000 మధ్య వచ్చిన ప్రయోగాత్మక సినిమా 20 మార్కులు.

మూడోది ప్రొడక్షన్: మిగిలిన 30 శాతం. నాలుగు నుంచి అయిదు నిమిషాల లఘుచిత్రం తియ్యాలి. అది వద్దనుకుంటే 1600 నుంచి 1800 పదాల స్క్రీన్‌ప్లే రాసి, దానిలో కొంత భాగానికి ఫోటోలతో స్టోరీబోర్డు జతచెయ్యాలి. ఏది ఎంచుకున్నా, తాము చేసిన పని మీద 1600 నుంచి 1800 పదాల విశ్లేషణ కూడా రాయాలి.

పరీక్ష హాల్లో సినిమా క్లిప్పులేవీ చూపించరు. నోట్సు తీసుకెళ్ళకూడదు. అంతా జ్ఞాపకంలోంచే రాయాలి. ప్రశ్నలు కూడా ఫలానా సినిమా గురించి అని ఉండవు. “మీరు చదివిన రెండు చిత్రాల్లో...” అని మొదలవుతాయి. అంటే ఏ ప్రశ్నకైనా తమ సినిమాని అన్వయించుకోగలగాలి. బట్టీ కొట్టిన వ్యాసాలు ఇక్కడ పనిచెయ్యవు.

ఇంకో ముఖ్య విషయం. నిర్ణీత చిత్రాల జాబితాని బోర్డు అప్పుడప్పుడు మారుస్తుంటుంది. ఆ జాబితాలోంచి ఏవి బోధించాలో పాఠశాల నిర్ణయిస్తుంది. కాబట్టి మీ పిల్లల పరీక్ష సంవత్సరానికి వర్తించే సిలబస్‌ని బోర్డు వెబ్‌సైట్ నుంచి దింపుకుని, దాని పక్కన స్కూలు ఎంచుకున్న పదకొండు సినిమాల పేర్లూ రాసి పెట్టుకోండి. ఏ వెర్షన్ అన్నది కూడా చూసుకోవాలి. ఉదాహరణకి ‘బ్లేడ్ రన్నర్’ 1982లో విడుదలైనప్పుడు కథానాయకుడి గొంతుతో వ్యాఖ్యానం ఉంది. 1992 డైరెక్టర్స్ కట్‌లో అది లేదు, ముగింపు కూడా వేరు. ఒక వెర్షన్ చూసి ఇంకో వెర్షన్ గురించి రాస్తే కష్టం.

పరీక్షకులు వెతికేవి ఏమిటి?

సిలబస్ ప్రకారం ప్రతి సినిమానీ మూడు వైపుల నుంచి చదవాలి.

మొదటిది సినిమా రూపం. ఇందులో అయిదు అంశాలు: ఛాయాగ్రహణం, మీజాన్‌సెన్, ఎడిటింగ్, శబ్దం, నటన. మీజాన్‌సెన్ అన్న ఫ్రెంచి మాటకి బెదిరిపోనక్కర్లేదు. ఫ్రేములో మనకి కనపడేలా అమర్చినదంతా అదే: సెట్టు, వస్తువులు, దుస్తులు, మేకప్, వెలుగునీడలు, మనుషులు నిలబడిన తీరు.

రెండోది అర్థం. ఆడవాళ్ళని, మగవాళ్ళని, ఒక జాతిని, ఒక ప్రాంతాన్ని, ఒక వయసువాళ్ళని సినిమా ఎలా చూపించింది? మొత్తంగా దాని అందం, దాని ధోరణి ఏమిటి?

మూడోది నేపథ్యం. ఆనాటి సమాజం, రాజకీయం, చరిత్ర, సినిమాని తీసిన సంస్థ, పెట్టుబడి, సాంకేతిక పరిస్థితులు.

వీటికి తోడు విభాగాన్ని బట్టి ప్రత్యేక అంశాలుంటాయి. హాలీవుడ్ విభాగంలో ‘ఆతర్’, అంటే సినిమా మీద ముద్ర ఎవరిది అన్న ప్రశ్న. అమెరికన్ విభాగంలో ప్రేక్షకుడి స్పందన, భావజాలం. బ్రిటిష్ విభాగంలో కథన పద్ధతి, భావజాలం. ప్రపంచ సినిమాకి ఇవేవీ లేవు, పైన చెప్పిన మూడు మూలాంశాలే. ఈ పట్టిక మనసులో లేకపోతే పిల్లలు తెలిసినదంతా అన్నిచోట్లా రాసి సమయం పోగొట్టుకుంటారు.

మా అమ్మాయి ‘డి’ కి కారణం ఇక్కడే దొరికింది. “చివర్లో రిక్ తన ప్రేమని త్యాగం చేసి ఇల్సాని భర్తతో పంపించేస్తాడు, దీన్నిబట్టి స్వార్థం కన్నా దేశం ముఖ్యమని సినిమా చెబుతుంది” అని రాసింది. తప్పేమీ లేదు. కానీ ఇది నవల చదివినా రాయవచ్చు. అదే చివరి దృశ్యంలో పోలీసు అధికారి రెనో విషీ నీళ్ళ సీసాలోంచి గ్లాసులో పోసుకోబోయి, లేబుల్ చూసి, సీసాని చెత్తబుట్టలో పడేసి బుట్టని కాలితో తంతాడు. విషీ అన్నది జర్మనీతో రాజీపడిన ఫ్రాన్స్ ప్రభుత్వం ఉన్న ఊరు. కథ జరిగేది 1941 డిసెంబరులో, అంటే అమెరికా యుద్ధంలోకి దిగిన నెలలో. సినిమా మొదటి ప్రదర్శన 1942 నవంబరులో. ఒక్క మాట లేకుండా ఒక సీసాతో, ఒక లేబుల్‌తో తటస్థంగా ఉండటం ఇక కుదరదని సినిమా చెప్పేసింది. ఇదీ పరీక్షకులు వెతికే సినిమా! వస్తువు, చర్య, దాని అర్థం, దాని చరిత్ర, అన్నీ నాలుగు వాక్యాల్లో వచ్చేశాయి.

ఒక సినిమాని నాలుగుసార్లు ఎలా చూడాలి?

అయిదుసార్లు ఒకే రకంగా చూడటం కన్నా నాలుగుసార్లు నాలుగు రకాలుగా చూడటం మేలు.

మొదటిసారి మామూలు ప్రేక్షకుడిలా చూడాలి. ఆపకూడదు, రాసుకోకూడదు. అయిపోయిన వెంటనే ఎక్కడ భయం వేసింది, ఎక్కడ విసుగొచ్చింది, ఎవరి పక్షాన నిలబడ్డాం అని పది వాక్యాలు రాసుకోవాలి. ప్రేక్షకుడి స్పందన గురించి రాసేటప్పుడు ఈ పది వాక్యాలూ బంగారం. రెండోసారి చూశాక ఆ మొదటి అనుభవం మళ్ళీ రాదు.

రెండోసారి ఆపుతూ చూడాలి. రెండేసి నిమిషాల నిడివి ఉన్న నాలుగు ముఖ్య ఘట్టాలు ఎంచుకోవాలి. వాటిలో ఆరంభం, ముగింపు తప్పకుండా ఉండాలి. ప్రతి ఘట్టానికీ అయిదు అంశాల కింద ఏం కనపడింది, ఏం వినపడింది అన్నది మాత్రమే రాయాలి. అర్థాలు ఇప్పుడే వద్దు.

మూడోసారి సినిమా అంతా అక్కర్లేదు, ఆ నాలుగు ఘట్టాలు చాలు. ఒకసారి శబ్దం ఆపేసి బొమ్మ చూడాలి, ఇంకోసారి కళ్ళు మూసుకుని శబ్దం వినాలి. ఇది తమాషాగా అనిపిస్తుంది కానీ చాలా పనిచేస్తుంది. మన పెద్దవాళ్ళకి అర్థం కావాలంటే ‘శివ’ (1989) లో నాగార్జున సైకిల్ చైను లాగే ఘట్టం గుర్తు తెచ్చుకోండి. శబ్దం ఆపేసి చూస్తే సగం బలం పోతుంది. అలాగే ‘మాయాబజార్’ (1957) లో పడవ పాట శబ్దం లేకుండా చూస్తే, మార్కస్ బార్ట్‌లీ గారు సృష్టించిన వెన్నెల ఎంత పని చేస్తోందో తెలుస్తుంది. ఈ ఉదాహరణలు పరీక్షలో రాయడానికి కాదు. పిల్లలకి ఆ పదాలు పట్టుబడటానికి, మనకి వాళ్ళతో మాట కలపడానికి.

నాలుగోసారి నేపథ్యం చదివాక చూడాలి. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో, అప్పుడు ఆ దేశంలో ఏం జరుగుతోంది అన్నది తెలిశాక చూస్తే, అంతకు ముందు కనపడనివి కనపడతాయి. ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీ తీసిన ‘టాక్సీ టెహరాన్’ (2015) మామూలుగా చూస్తే ఒక కారులో జరిగే కబుర్లు. 2010లో ఆయన్ని ఇరవై ఏళ్ళపాటు సినిమాలు తీయకుండా నిషేధించారని తెలిశాక, కారులో అమర్చిన ఆ చిన్న కెమెరా ఒక ధిక్కారంలా కనపడుతుంది.

ఇలా సినిమాకి నాలుగు ఘట్టాల చొప్పున పదకొండు సినిమాలకి 44 కార్డులు. ఒక్కో కార్డు మీద నాలుగు గళ్ళు: ఏం చూశాను, ఏం విన్నాను, దాని అర్థం ఏమిటి, దాని నేపథ్యం ఏమిటి. ఏడాదంతా తయారయ్యే పుస్తకం ఇదే. మా అమ్మాయి వీటిని ఫ్రిజ్ మీద కూడా అంటించింది. పాలు తీసుకుందామని వెళ్ళినప్పుడల్లా నాకూ ఒక పాఠమే.

ఒక నమూనా: ‘దిల్ సే’

ఎడ్యుకాస్ 2017 సిలబస్‌తో ప్రకటించిన ప్రపంచ సినిమా జాబితాలో మనకి బాగా తెలిసిన పేరు ఒకటుంది: మణిరత్నం గారి ‘దిల్ సే’ (1998). మనవాళ్ళు చాలామంది దీన్ని ‘ప్రేమతో’ అన్న తెలుగు అనువాదంలో చూసే ఉంటారు. మన రామ్‌గోపాల్ వర్మ ఈ చిత్ర నిర్మాతల్లో ఒకరు. మీ పిల్లల స్కూలు ఈ చిత్రం ఎంచుకున్నా ఎంచుకోకపోయినా, మనకి తెలిసిన సినిమా కాబట్టి కార్డు ఎలా తయారవుతుందో దీని మీదే చూద్దాం.

ఏం చూశాం: ఆకాశవాణి ఉద్యోగి అమర్ ఓ రాత్రి రైల్వే స్టేషనులో శాలువా కప్పుకుని కూర్చున్న మనిషిని అగ్గిపెట్టె అడుగుతాడు. గాలికి శాలువా తొలిగితే ఆమె స్త్రీ అని తెలుస్తుంది. అతను టీ తెచ్చేలోపల ఆమె రైలెక్కి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వచ్చేది రైలు మీద ‘ఛయ్య ఛయ్య’ పాట. దాన్ని నీలగిరి కొండ రైలు మీద నిజంగానే కదులుతుండగా చిత్రీకరించారు. ఛాయాగ్రహణం సంతోష్ శివన్, సంగీతం ఏ.ఆర్. రెహమాన్, నృత్యం ఫరా ఖాన్.

అర్థం ఏమిటి: చీకటి, గాలి, ఒంటరి ప్లాట్‌ఫారం ఒకవైపు, పట్టపగలు, కొండలు, జనం, రంగులు ఇంకోవైపు. రెండింటినీ పక్కపక్కన పెట్టడంతో అమర్ ఊహలో ఉన్న ప్రేమకీ, ఎదురుగా ఉన్న స్త్రీ మౌనానికీ మధ్య దూరం ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది. అతను మాట్లాడుతూనే ఉంటాడు, ఆమె మాట్లాడదు. సినిమా చివరిదాకా ఉండే సమస్య మొదటి పది నిమిషాల్లోనే ఉంది. రేడియోలో ఇతరుల గొంతులు వినిపించడం అతని ఉద్యోగం. ఎదురుగా ఉన్న ఆమె కథ వినడానికి మాత్రం అతనికి చాలా సమయం పడుతుంది.

నేపథ్యం ఏమిటి: స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భంలో కథ నడుస్తుంది. ఆ వేడుకల కోసం అమర్ ఈశాన్య భారతంలో జనాన్ని పలకరిస్తాడు. ఆ ప్రాంతంలో సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం 1958 నుంచి ఉంది. చిన్నతనంలో సైనికుల చేతిలో పడ్డ బాధే మేఘనని ఆ దారి పట్టించిందని సినిమా చెబుతుంది. ‘రోజా’ (1992), ‘బొంబాయి’ (1995) తర్వాత ఇదే వరుసలో మణిరత్నం తీసిన మూడో చిత్రం ఇది. బ్రిటన్ బాక్సాఫీసు మొదటి పది స్థానాల్లోకి చేరిన తొలి భారతీయ చిత్రంగా దీనికి పేరు. అది మనలాంటి ప్రవాసుల చలవే అని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన పిల్లలకి ఒక లాభం, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. పాటలు కథకి అడ్డం అనుకోకుండా, పాట కూడా కథ చెప్పే పద్ధతే అని వాళ్ళకి సహజంగా తెలుసు. అది లాభం. “మా ఇంట్లో అందరికీ తెలిసిన సినిమానే కదా” అని రెండోసారి చూడకుండా రాసేయడం ప్రమాదం. తెలిసిన సినిమాని తెలియనిదానిలా చూడటమే కష్టం.

జవాబు రాసే పద్ధతి

లెక్క తేలిక. 150 నిమిషాలకి 120 మార్కులు, అంటే మార్కుకి ఒక నిమిషం పదిహేను సెకన్లు. 40 మార్కుల ప్రశ్నకి 50 నిమిషాలు, 20 మార్కుల ప్రశ్నకి 25 నిమిషాలు. 50 నిమిషాల్లో అయిదు నిమిషాలు ప్రణాళికకి, అయిదు నిమిషాలు తిరిగి చదువుకోవడానికి పోతే, రాయడానికి మిగిలేది 40. ఒక విభాగం మీద మోజుతో ఇంకో పదిహేను నిమిషాలు ఎక్కువ రాస్తే, అవి తర్వాతి ప్రశ్న నుంచి తీసుకున్న అప్పే.

ప్రతి పేరాలో నాలుగు మెట్లుండాలి. ప్రశ్నకి జవాబు చెప్పే ఒక వాక్యం. దానికి ఆధారంగా ఒక ఖచ్చితమైన క్షణం. ఆ క్షణాన్ని ఏ సాంకేతిక అంశం ఎలా నిర్మించింది. దానివల్ల కలిగే అర్థం, అవసరమైతే నేపథ్యం. ‘అప్పుడు’, ‘తర్వాత’, ‘ఇంతలో’ అన్న మాటలు ఒకే పేరాలో రెండుసార్లు వస్తే కథ చెబుతున్నామని గుర్తు. కలం ఆపి మళ్ళీ ప్రశ్న చదువుకోవాలి.

పోల్చమన్నప్పుడు మొదటి సగం ఒక సినిమా, రెండో సగం ఇంకో సినిమా రాయకూడదు. ఒక అంశం తీసుకుని రెండు సినిమాల్లోనూ చూపించి, తేడాకి కారణం చెప్పాలి. ‘కాసాబ్లాంకా’ వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో, ఎక్కువ భాగం సెట్ల మీద తీసిన చిత్రం. ఆ చివరి పొగమంచు విమానాశ్రయం కూడా స్టూడియోలోదే. స్పైక్ లీ ‘డూ ది రైట్ థింగ్’ (1989) బ్రూక్లిన్‌లో ఒక నిజమైన వీధిలో తీసింది. రచన, దర్శకత్వం, నిర్మాణం, ఒక ముఖ్యపాత్ర కూడా ఆయనే. మొదటిదానిలో ముద్ర దర్శకుడు కర్టిజ్‌దా, స్టూడియోదా? రెండోదానిలో అంతా ఒక్కరిదేనా? ఈ పోలికతో వ్యాసం తనంతట తనే నడుస్తుంది.

సిద్ధాంతాల సంగతి కూడా చెప్పాలి. లారా మల్వీ 1975లో ప్రచురించిన వ్యాసంలో, హాలీవుడ్ కెమెరా స్త్రీని మగవాడి చూపుతో చూస్తుందని వాదించారు. పిల్లలకి ఇది చాలా నచ్చుతుంది, నచ్చి అన్నిచోట్లా పెట్టేస్తారు. హిచ్‌కాక్ ‘వెర్టిగో’ (1958) గురించి మల్వీ ఆ వ్యాసంలోనే చర్చించారు, నిజమే. కానీ హాలీవుడ్ విభాగంలో అడిగే ప్రత్యేకాంశం ఆతర్. అక్కడ మల్వీ పేరు వస్తే అది హిచ్‌కాక్ ముద్రని వివరించడానికి రావాలి, అలంకారానికి కాదు. సిద్ధాంతం కూరలో ఉప్పు లాంటిది. విడిగా వడ్డిస్తే ఎవరూ తినలేరు.

మూకీలు, డాక్యుమెంటరీలు

పిల్లలు ఎక్కువగా భయపడేది వీటికే. మూకీ విభాగంలో ముఖ్యమైన చర్చ ఒకటే: కెమెరా ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించాలా, లేక మనసులో ఉన్నదాన్ని బొమ్మగా మార్చాలా? ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్, బొమ్మ మీద నమ్మకం పెట్టుకున్న దర్శకులు, వాస్తవం మీద నమ్మకం పెట్టుకున్న దర్శకులు అని రెండు వర్గాలుగా చూశారు. బస్టర్ కీటన్ ‘వన్ వీక్’ (1920) లో ఇల్లు గిరగిరా తిరిగే ఘట్టం దూరం నుంచి, మొత్తం కనపడేలా తీశారు. నిజంగా జరుగుతోందని తెలియడమే అక్కడ నవ్వు. మూర్నా ‘సన్‌రైజ్’ (1927) లో సెట్లు, వెలుగునీడలు పాత్రల మనసుని చూపిస్తాయి. ఏ సినిమా చదివినా రెండు లక్షణాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించి, ఏది ఎక్కువో తేల్చి చెప్తే మంచి జవాబు అవుతుంది.

డాక్యుమెంటరీలో, డిజిటల్ కెమెరాలు వచ్చాక ఏం మారిందన్నది ఒక చర్చ. దర్శకుడు తాను కనపడాలా వద్దా, విషయంలో జోక్యం చేసుకోవాలా వద్దా అన్నది ఇంకొకటి. లండన్‌లో పుట్టిన భారత సంతతి దర్శకుడు ఆసిఫ్ కపాడియా తీసిన ‘ఎమీ’ (2015) లో గాయని ఎమీ వైన్‌హౌస్ స్నేహితులు తీసిన పాత వీడియోలున్నాయి, వాటి మీద ఇంటర్వ్యూల గొంతులున్నాయి. దర్శకుడు కనపడడు. కానీ ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్నది ఆయన నిర్ణయమే కదా! కనపడకపోవడం అంటే జోక్యం లేకపోవడమా? ఈ ఒక్క ప్రశ్న మీద పిల్లల చేత అరగంట మాట్లాడించండి, వ్యాసం దాదాపు అయిపోయినట్టే.

ఏడాది ప్రణాళిక

రాత పరీక్షలు మే, జూన్ నెలల్లో ఉంటాయి. ప్రొడక్షన్ పని అంతకు ముందే స్కూలుకి ఇచ్చెయ్యాలి. లఘుచిత్రం తీసే నెలలో ఇల్లంతా స్టూడియో అయిపోతుంది, మిగతా చదువు వెనకపడుతుంది, అది ముందే లెక్కలో వేసుకోవాలి. క్రిస్మస్ సెలవులకల్లా 44 కార్డులు పూర్తయితే నిశ్చింత. ఫిబ్రవరి నుంచి వారానికి రెండు జవాబులు గడియారం పెట్టుకుని చేత్తో రాయాలి. టైపింగుకి అలవాటుపడ్డ చేతులు రెండున్నర గంటలు రాయలేవు. ఈస్టర్ సెలవుల్లో పదకొండు సినిమాలూ ఒక్కోసారి, రోజుకొకటి చొప్పున. పాత ప్రశ్నపత్రాలు, పరీక్షకుల నివేదికలు బోర్డు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. నివేదికలు తప్పక చదివించండి, ఎక్కడ మార్కులు పోతున్నాయో వాళ్ళే చెప్తారు.

జాబితాలో ‘18’ సర్టిఫికెట్ ఉన్న సినిమాలు కూడా ఉంటాయి. ‘సిటీ ఆఫ్ గాడ్’ (2002), ‘ట్రెయిన్‌స్పాటింగ్’ (1996) లాంటివి. హాల్లో అందరూ ఉన్నప్పుడు హఠాత్తుగా చూసి కంగారుపడేకన్నా, ఏవి బోధిస్తున్నారో స్కూలు వారిని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

వేరే దేశాల్లో ఉన్నవారికి

గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో పిల్లలు ఐబీ డిప్లొమా చదువుతుంటే, అందులో ఫిల్మ్ సబ్జెక్టుకి రాత పరీక్షే లేదు. 2019 నుంచి అమలైన విధానంలో 1750 పదాలకి మించని విశ్లేషణ, పది నిమిషాల తులనాత్మక వీడియో, పోర్ట్‌ఫోలియో ఉంటాయి. హయ్యర్ లెవెల్ వారికి అదనంగా బృందంతో కలిసి తీసే చిత్రం ఉంటుంది. అమెరికాలో ఏపీ పరీక్షల్లో ఫిల్మ్ స్టడీస్ లేదు, చాలామంది కాలేజీలో చేరాకే ఇలాంటి కోర్సు చూస్తారు. ఎక్కడైనా పునాది ఒకటే: క్షణం, నిర్మాణం, అర్థం.

“ఇది దేనికి పనికొస్తుంది?”

మన సమావేశాల్లో భోజనాల దగ్గర తప్పని ప్రశ్న ఇది. యూకాస్ పాయింట్ల లెక్కలో ఏ లెవెల్‌లో ‘ఏ’ గ్రేడుకి 48 పాయింట్లు, అది ఫిజిక్స్ అయినా ఫిల్మ్ అయినా. ఒక కాలంలో రస్సెల్ గ్రూపు యూనివర్సిటీలు ఇష్టపడే సబ్జెక్టుల జాబితా ఒకటి ఉండేది, దాన్ని 2019లో తీసేశారు. అయితే ఒక్కో కోర్సుకి తప్పనిసరి సబ్జెక్టులు వేరుగా ఉంటాయి. వైద్యానికి కెమిస్ట్రీ, చాలాచోట్ల బయాలజీ కూడా కావాలి. కాబట్టి పిల్లలు వెళ్ళదలుచుకున్న కోర్సుల పేజీలు చూసి, మూడు సబ్జెక్టుల కలయిక సరిపోతుందో లేదో ముందే తేల్చుకోవాలి. అది సరిపోతే ఈ సబ్జెక్టు గురించి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆధారం చూపకుండా అభిప్రాయం చెప్పకూడదని నేర్పే చదువు డాక్టరుకీ పనికొస్తుంది, లాయరుకీ పనికొస్తుంది, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికీ పనికొస్తుంది.

చివరగా, తల్లిదండ్రులుగా మనం చెయ్యగలిగేది ఒకటుంది. సిద్ధాంతాలు మనకి రాకపోవచ్చు. కానీ నిర్ణీత చిత్రాల్లో రెండు మూడింటినైనా పిల్లలతో కూర్చుని చూడవచ్చు. ఫోను పక్కన పెట్టి చూడాలి సుమా! అయ్యాక వాళ్ళు ఏ అభిప్రాయం చెప్పినా, “అవునా, ఏ షాట్‌లో తెలిసింది?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడం అలవాటైతే పరీక్షలో చెయ్యాల్సింది సగం అయిపోయినట్టే. మా ఇంట్లో రెండో మాక్‌లో ‘డి’ కాస్తా ‘బి’ అయింది.

ఆ వేసవిలో మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు, మనవరాలు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ‘కాసాబ్లాంకా’ పెట్టింది. ఇంగ్లీషు సంభాషణలు ఆయనకి సగం అందలేదు. నీళ్ళ సీసా చెత్తబుట్టలో పడగానే మాత్రం, “వీడు పార్టీ మారాడే!” అన్నారు. అమ్మాయి నావైపు చూసి నవ్వింది. ఆయన ఏ పరీక్షా రాయలేదు, బొమ్మ చూసి చెప్పారు, అంతే.